ఆట యంత్రం: రెండు తరాల తులన

ఒక యంత్రం స్థానంలో మరొక యంత్రం వచ్చినప్పుడు, వెనుకటిదానికంటె కొత్తది మేలైనదని లోకం సహజంగా నమ్ముతుంది. రేడియోలో వాల్వు పోయి ట్రాన్సిస్టర్ వచ్చింది. రైలుకు ఆవిరి ఇంజను పోయి డీజిలు ఇంజను వచ్చింది. ఆ నమ్మకం చాలావరకు నిజమే అయింది. కాని మేలును కొలిచే కొలబద్ద ఏది? వేగమా, నేర్పా, చౌకతనమా, లేక అది ఎందరి చేతికి అందిందన్న లెక్కా? ఈ కొలబద్దలన్నీ ఎల్లప్పుడూ ఒకే యంత్రాన్ని గెలిపించవు. ఇంటిలో టెలివిజనుకు తగిలించి ఆడుకునే ఆట యంత్రాల చరిత్రలో దీనికి చక్కని నిదర్శనం ఉన్నది.

జపానులోని క్యోటో నగరానికి చెందిన నిన్టెండో సంస్థ 1983 జులై 15న 'ఫామికామ్' అనే యంత్రాన్ని, 1990 నవంబరు 21న 'సూపర్ ఫామికామ్' అనే యంత్రాన్ని విడుదల చేసింది. ఇవి అమెరికాలో కొద్ది మార్పులతో, వేరే పేర్లతో, వరుసగా 1985లోను 1991లోను అమ్మకానికి వచ్చాయి. రెండింటి రూపకల్పనకు నాయకత్వం వహించినవాడు మసయుకి ఉయెమురా అనే ఇంజనీరు. సంస్థ ఒకటే, ప్రధాన రూపకర్త ఒకడే, మధ్య వ్యవధి ఏడేళ్లు. అందుచేత ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి పరిశీలిస్తే, ఆ ఏడేళ్లలో ఏమి పెరిగిందో, ఏమి పెరగలేదో, ఏమి పోయిందో స్పష్టంగా తెలుస్తుంది.

లేమిలో పుట్టిన నేర్పు

ఫామికామ్ వెల 14,800 యెన్లు. ఈ వెలకు యంత్రాన్ని అందించాలంటే లోపలి భాగాలను ఎంతో పొదుపుగా ఎంచుకోవలసి వచ్చింది. దాని మెదడు, '6502' అనే ప్రసిద్ధమైన చవక ప్రాసెసర్ ఆధారంగా రికో సంస్థ తయారుచేసిన చిప్. అది సెకనుకు సుమారు 17 లక్షల 90 వేల స్పందనల వేగంతో, అంటే 1.79 మెగాహెర్ట్జ్ వేగంతో నడుస్తుంది. లెక్కలు చేసుకోవడానికి 2 కిలోబైట్ల మెమరీ, తెర మీది చిత్రాన్ని గుర్తుంచుకోవడానికి మరి 2 కిలోబైట్లు ఉన్నాయి.

ఈ చిత్రపు మెమరీ సంగతి కొంచెం వివరంగా చూడవలసి ఉన్నది. యంత్రం చూపే తెర అడ్డంగా 256 బిందువులు, నిలువుగా 240 బిందువులు; మొత్తం 61,440 బిందువులు. ఒక్కొక్క బిందువు రంగును నాలుగు రంగులలో ఏదో ఒకటిగా గుర్తుంచుకోవాలన్నా 15 కిలోబైట్లు కావాలి. ఉన్నవి రెండే. మరి చిత్రం ఎక్కడ నిలుస్తుంది?

పెడనలోనో మచిలీపట్నంలోనో కలంకారీ అద్దకం చూసినవారికి ఈ చిక్కుముడి తేలికగా విడిపోతుంది. అద్దకపు పనివాడు బట్ట అంతటా పువ్వులను ఒక్కొక్కటిగా చేతితో గీయడు. కొద్ది కొయ్య అచ్చులను చెక్కించుకొని, వాటినే మళ్లీ మళ్లీ అద్దుతూ పోతాడు. ఫామికామ్ చేసేదీ అదే. ఎనిమిదేసి బిందువుల పొడవు, వెడల్పు గల చిన్న చిన్న పలకల బొమ్మలు ఆటతోపాటు వచ్చే కాట్రిడ్జిలోనే ఉంటాయి. తెరమీద అడ్డంగా 32, నిలువుగా 30, మొత్తం 960 పలకలు పడతాయి. ఏ గడిలో ఏ నంబరు అచ్చు అద్దాలో మాత్రమే యంత్రం గుర్తుంచుకుంటుంది. దానికి 960 బైట్లు, రంగుల ఎంపికకు 64 బైట్లు చాలు. కూడితే సరిగా ఒక కిలోబైటు. రెండు కిలోబైట్లలో రెండు తెరలు ఇమిడిపోయాయి!

1985లో వచ్చిన 'సూపర్ మారియో బ్రదర్స్' అనే ఆటలో ఆకాశంలోని మేఘానికి, నేల మీది పొదకు అచ్చు ఒకటే. రంగు మాత్రమే వేరు. కోట్లమంది ఆడిన ఆ ఆట మొత్తం 40 కిలోబైట్లలో ఇమిడింది.

కదిలే బొమ్మలకు వేరే ఏర్పాటు ఉన్నది. 'స్ప్రైట్లు' అనబడే ఈ బొమ్మలు మొత్తం 64 ఉండవచ్చు. కాని టెలివిజను తెరను ఒక్కొక్క అడ్డగీతగా గీస్తుంది. ఒక గీత గీసే లోపల యంత్రం ఎనిమిది స్ప్రైట్లను మాత్రమే సిద్ధం చేసుకోగలదు. ఒకే గీత మీదికి తొమ్మిదవది వస్తే అది కనిపించదు. ఈ లోపాన్ని కప్పిపుచ్చడానికి ఆటల రచయితలు స్ప్రైట్ల వరుసను క్షణక్షణానికీ మార్చేవారు. అప్పుడు ఏ బొమ్మా పూర్తిగా మాయం కాదు. అన్నీ మిణుకు మిణుకుమంటాయి. పాత ఆటలలో శత్రువులు గుంపుగా వచ్చినప్పుడు కనిపించే మిణుకులకు మూలం ఇదే.

ఇంకొక నేర్పు కాట్రిడ్జిలో ఉన్నది. ప్రాసెసర్ ఆట ఆదేశాలను సూటిగా చూడగలిగినది 32 కిలోబైట్ల మేర మాత్రమే. అయితే కాట్రిడ్జిలోనే ఒక చిప్ పెట్టి, పెద్ద గ్రంథంలోని అధ్యాయాలను ఒకదాని తరువాత ఒకటి తెరిచి చూపినట్లు, మెమరీలోని భాగాలను ఆ కిటికీ ఎదుటికి తెచ్చేవారు. ఈ పద్ధతి వల్ల 1988లో వచ్చిన మూడవ మారియో ఆట 384 కిలోబైట్లకు పెరిగింది. యంత్రం మారలేదు, అందులో దూర్చే పెట్టె మారింది.

కలిమి ఎక్కడ చేరింది?

సూపర్ ఫామికామ్ వెల 25,000 యెన్లు. రెండు యంత్రాల అంకెలను పోల్చి చూస్తే ఆ అదనపు ధనం ఎక్కడ వెచ్చించారో బయటపడుతుంది. పని మెమరీ 2 కిలోబైట్ల నుంచి 128కి, అంటే 64 రెట్లు పెరిగింది. చిత్రాల మెమరీ 2 నుంచి 64కి, అంటే 32 రెట్లు పెరిగింది. మొదటి యంత్రం సుమారు యాభై రంగులలో ఒకేసారి 25 చూపగా, రెండవది 32,768 రంగులలో 256 చూపగలిగింది. స్ప్రైట్లు 128, ఒక్కొక్క గీత మీద 32. కాని ప్రాసెసర్ వేగం? అత్యధికంగా 3.58 మెగాహెర్ట్జ్. కేవలం రెండు రెట్లు. అదైనా పని మెమరీని తాకిన ప్రతిసారీ 2.68కి దిగిపోతుంది.

అంటే ఈ యంత్రానికి కళ్లు, చెవులు గొప్పగా పెరిగాయి. మెదడు కొద్దిగా పెరిగింది. ఈ సంగతి గుర్తుంచుకుంటే దాని గుణదోషాలు రెండూ అర్థమవుతాయి.

గుణాలలో మొదటిది వెనుక దృశ్యాల పొరలు. పాత యంత్రంలో వెనుక దృశ్యం ఒకే పొర. కొత్తదానిలో నాలుగు పొరల వరకు పరచవచ్చు. దగ్గరి చెట్లు వేగంగా, దూరపు కొండలు మెల్లగా కదిలితే, రైలు కిటికీలోనుంచి చూసినట్లు దృశ్యానికి లోతు వస్తుంది.

రెండవది 'ఏడవ విధానం' అనే చిత్రణ పద్ధతి. ఒక విశాలమైన పటాన్ని తీసుకొని, తెరమీది ప్రతి బిందువు వద్దా పటంలోని ఏ బిందువును చూపాలో యంత్రమే గుణించి తేలుస్తుంది. గుణకాలను మారిస్తే పటం గిరగిర తిరుగుతుంది, పెరుగుతుంది, తరుగుతుంది. అడ్డగీత మారినప్పుడల్లా గుణకాలను కొంచెం మార్చి, పై గీతలలో పటాన్ని కుదించి, కింది గీతలలో విస్తరింపజేస్తే, నేల క్షితిజం దాకా పరచుకున్నట్లు భ్రమ కలుగుతుంది. యంత్రంతోపాటే విడుదలైన 'ఎఫ్-జీరో' అనే పందెపు ఆటలో బాట ఇలా పుట్టినదే. అయితే ఈ విధానంలో తిరిగే పొర ఒక్కటే, స్ప్రైట్లు తిరగవు. వాహనాలు పక్కకు మళ్లినట్లు కనిపించాలంటే ఆ భంగిమలన్నీ ముందుగానే గీసి ఉంచుకోవలసిందే. పైకి మూడు కొలతల లోకంగా కనిపించినా అది అద్దకపు బట్టను వాలుగా పట్టుకొని చూపిన చమత్కారమే.

మూడవ గుణం నాదం. పాత యంత్రంలో చతురస్ర తరంగాలు పలికే గొంతులు రెండు, త్రిభుజ తరంగపు గొంతు ఒకటి, రొదకు ఒకటి, చిన్న నాద నమూనాలకు మరొకటి ఉండేవి. కొత్తదానిలో సోనీ సంస్థకు చెందిన కెన్ కుటరాగి రూపొందించిన నాదయంత్రం అమర్చారు. దానికి సొంత ప్రాసెసర్, సొంత 64 కిలోబైట్ల మెమరీ, ఎనిమిది గొంతులు. వేణువునో వయొలిన్నో ముందుగా పలికించి నమూనా తీసి, దానినే వేర్వేరు స్థాయిలలో మళ్లీ పలికించవచ్చు. పదహారు నమూనా విలువలను తొమ్మిది బైట్లలోకి కుదించే ఏర్పాటు కూడా ఉన్నది. ఇంత చేసినా, 32 కిలోహెర్ట్జ్ పూర్తి నాణ్యతతో ఆ మెమరీ అంతటినీ నింపితే నాలుగు సెకన్ల శబ్దం కూడా పట్టదు. సంగీత రచయితలు ఒక నాదంలోని చిన్న ముక్కను పట్టుకొని దానినే తిప్పి తిప్పి వాయించవలసి వచ్చింది. లేమి పోలేదు, ఒక మెట్టు పైకి జరిగింది.

'పదహారు బిట్లు' అనే ప్రచారం

కొత్త యంత్రాలను అమ్మిన రోజులలో 'పదహారు బిట్లు' అనే మాట మంత్రంలా మోగింది. ఒకేసారి పదహారు బిట్ల సంఖ్యతో లెక్క చేయగల ప్రాసెసర్ అని దాని అర్థం. సూపర్ ఫామికామ్ ప్రాసెసర్ లోపల పదహారు బిట్లతో లెక్కించినా, మెమరీతో ఇచ్చిపుచ్చుకునే తీగల దారి మాత్రం ఎనిమిది బిట్ల వెడల్పే. లోపల విశాలమైన కొలిమి, బయట ఇరుకైన వాకిలి.

ఫలితం ఆటలలో కనిపించింది. కొనామి సంస్థ తొలి నాళ్లలోనే తెచ్చిన 'గ్రేడియస్ 3' అనే అంతరిక్ష యుద్ధపు ఆటలో, వస్తువులు పెరిగేకొద్దీ కదలిక అంతా మందగిస్తుంది. తెర ఎన్ని బొమ్మలనైనా చూపడానికి సిద్ధం. వాటిని ఎక్కడెక్కడికి కదిలించాలో లెక్కించవలసిన మెదడు అలసిపోతున్నది. ప్రత్యర్థి సంస్థ సెగా 1988లోనే విడుదల చేసిన 'మెగా డ్రైవ్' యంత్రపు ప్రాసెసర్ 7.67 మెగాహెర్ట్జ్ వేగం గలది. దాని ఒక్కొక్క ఆదేశానికి ఎక్కువ స్పందనలు పడతాయి కాబట్టి ఈ రెండు అంకెలను సూటిగా పోల్చరాదు. అయినా లెక్కల బలంలో అది కొంత ముందున్నది. రంగులలో, నాదంలో సూపర్ ఫామికామ్ ముందున్నది. 'పదహారు బిట్లు' అనే ఒకే ముద్ర రెంటి మీదా ఉన్నా, ఆ ముద్ర ఏ యంత్రం గుణాన్నీ తెలుపదు.

ఈ బలహీనతకు నిన్టెండో కనుగొన్న మందు కొత్తది కాదు; మొదటి యంత్రం నేర్పిన పాఠమే. యంత్రం విడుదలైన నెలకే వచ్చిన 'పైలట్ వింగ్స్' ఆట కాట్రిడ్జిలో లెక్కలు చేసిపెట్టే ప్రత్యేక చిప్ ఉన్నది. 1993లో వచ్చిన 'స్టార్ ఫాక్స్' కాట్రిడ్జిలో, బ్రిటనుకు చెందిన ఆర్గొనాట్ సంస్థ రూపకల్పన చేసిన 'సూపర్ ఎఫ్ఎక్స్' చిప్ బహుభుజాలతో మూడు కొలతల ఓడలను గీసింది. యంత్రంలో ఆదా చేసిన ఖర్చు ఈ విధంగా కాట్రిడ్జి వెలలో కొనుగోలుదారు మీద పడింది. రూపకర్తల నేర్పును మెచ్చుకోవచ్చు. ఖర్చు ఎవరి నెత్తికి మారిందో మరువరాదు.

పాత పెట్టెల గతి

రెండవ యంత్రం మీద గట్టి ఆక్షేపణ మరొకటి ఉన్నది. ఏడేళ్లుగా జనం కొన్న కాట్రిడ్జిలలో ఒక్కటి కూడా దానిలో పనిచేయదు. కొత్త ప్రాసెసర్ 6502 వంశానికి చెందినదే; పాత ఆదేశాలను అర్థం చేసుకునే స్థితి కూడా దానికి ఉన్నది. కాని చిత్రాలను, నాదాన్ని నడిపే భాగాలు పూర్తిగా వేరు. కాట్రిడ్జి ఆకారమూ వేరు. పాత భాగాలను కూడా లోపల చేర్చితే వెల ఇంకా పెరిగేది.

ఈ సమాధానంలో కొంత న్యాయం లేకపోలేదు. అయితే ఇది అసాధ్యమేమీ కాదని అదే కాలపు ఇతర యంత్రాలు నిరూపించాయి. అటారీ సంస్థ 1986లో అమ్మకానికి తెచ్చిన '7800' యంత్రం వెనుకటి '2600' ఆటలను ఆడించింది. మెగా డ్రైవ్ కు ఒక అదనపు తొడుగు తగిలిస్తే సెగా వారి పాత 'మాస్టర్ సిస్టమ్' ఆటలు నడిచేవి. పాత పుస్తకాలను చదవనివ్వని కొత్త కళ్లజోడును ఎవరూ కొనరు. ఆట యంత్రాన్ని మాత్రం కొన్నారు. అందుకు కారణం కొత్త ఆటల ఆకర్షణే.

ఆ ఆకర్షణ వట్టిది కాదని కూడా చెప్పాలి. 1986 నాటి 'లెజెండ్ ఆఫ్ జెల్డా' ఆటలో బయటి లోకం 128 తెరల సమాహారం. అంచుకు చేరితే పక్క తెర వస్తుంది. 1991లో సూపర్ ఫామికామ్ మీద వచ్చిన జెల్డా ఆటలో ఒకే దేశపటానికి వెలుగు లోకం, చీకటి లోకం అనే రెండు రూపాలు ఉన్నాయి. ఒక లోకంలో నిలిచిన చోటు మరొక లోకంలో ఎక్కడికి చేరుస్తుందో ఊహించడమే ఆటలోని చిక్కుముడి. పెరిగిన మెమరీ అలంకారానికే గాక ఆలోచనకు కూడా ఉపయోగపడిన సందర్భమిది. కొత్త యంత్రాన్ని సమర్థించడానికి ఇంతకంటె మంచి సాక్ష్యం లేదు.

ఎవరి చేతికి అందింది?

ఇక చివరి కొలబద్ద. నిన్టెండో లెక్కల ప్రకారం మొదటి యంత్రం 6 కోట్ల 19 లక్షలు, రెండవది 4 కోట్ల 91 లక్షలు అమ్ముడుపోయాయి. కాని ఈ అంకెలు కథలో సగమే. మిగిలిన సగం సంస్థ లెక్కలకు బయట ఉన్నది.

జపానులో అమ్మిన ఫామికామ్ లో ఇతరుల కాట్రిడ్జిలను అడ్డుకునే తాళపు చిప్ లేదు. దాని భాగాలు కొద్ది. ప్రాసెసర్ లోకానికి బాగా తెలిసినది. 1990ల దశకంలో యంత్రం మొత్తాన్ని ఒకే చిప్ లోకి కుదించి, దానిని నల్లని జిగురు బొట్టు కింద అతికించి, చవక ప్రతులను తయారుచేశారు. రష్యాలో 1992 నుంచి 'డెండీ' అనే పేరుతో అటువంటి ప్రతే ఇంటింటి మాట అయింది. భారతదేశంలో కూడా ఆ దశకంలో పలు పేర్లతో ఈ ప్రతులు అమ్ముడుపోయాయి. తెలుగు పట్టణాలలో పిల్లలు దీనిని 'వీడియో గేమ్' అనీ, కాట్రిడ్జిని 'కాసెట్' అనీ పిలిచేవారు. కాసెట్ మీది చీటీలో వేలకొద్దీ ఆటలున్నాయని ముద్రించి ఉండేది. లోపల పిడికెడు ఆటలే మారుపేర్లతో మళ్లీ మళ్లీ వచ్చేవి. ఆ ఆటల కర్తలకు ఈ అమ్మకాల వల్ల దమ్మిడీ ముట్టలేదు. ఆ అన్యాయాన్ని సమర్థించనక్కరలేదు. కాని జరిగిన సంగతి జరిగినదే. కోట్లమంది బాలబాలికలు మీట నొక్కితే తెర మాట వింటుందని మొదట తెలుసుకున్నది ఈ పాత యంత్రపు రూపంలోనే.

సూపర్ ఫామికామ్ కు ఈ గతి పట్టలేదు. ఈ భాగ్యమూ పట్టలేదు. రెండు చిత్ర చిప్పులు, సోనీ నాదయంత్రం, తాళపు చిప్ గల ఆ నిర్మాణాన్ని ఆనాడు చవకగా కుదించడం సులభం కాదు. ధనిక దేశాలలో రెండవ తరం నడుస్తుండగా భారతదేశపు సామాన్య గృహాలలో మొదటి తరమే కొత్తగా ప్రవేశించింది. 'తరం' అనే మాట కాలానికి మాత్రమే కాక కొనుగోలు శక్తికి కూడా సంబంధించినదని దీనివల్ల తేలుతుంది.

ఈ తులనకు ముగింపు వాక్యాన్ని ఆ సంస్థే రాసింది. నిన్టెండో జపానులో సూపర్ ఫామికామ్ తయారీని 2003 సెప్టెంబరులో నిలిపివేసింది. ఫామికామ్ తయారీని నిలిపినదీ అదే నెలలోనే. వారసుడు పదమూడేళ్లు బ్రతికితే, అతనికి స్థానమిచ్చి తప్పుకోవలసిన పెద్ద ఇరవై ఏళ్లు బ్రతికి అతనితోపాటే విశ్రమించాడు. చిత్రంలో, నాదంలో, కథను నడిపే శక్తిలో రెండవ యంత్రమే శ్రేష్ఠమనడంలో సందేహం లేదు. కాని శ్రేష్ఠమైన యంత్రమూ, విస్తరించే యంత్రమూ ఒకటి కావలసిన నియమమేదీ లేదు. విస్తరించేది నిర్మాణం సులభమై, వెల తక్కువై, కొద్దిపాటి సామగ్రితో ఎక్కువ పని చేసేది. కొత్త యంత్రాన్ని చూసినప్పుడు దాని వేగమెంత అని అడగడం సహజమే. అది ఎవరి ఇంటికి చేరుతుంది, పాతవాటిలో దేనిని పనికిరానిదిగా చేస్తుంది అని కూడా అడిగితేనే విమర్శ పూర్తి అవుతుంది.